బొమ్మకి నిలబడని దొర

మా అక్క థర్జా మొగుడు జాబెజ్ థర్కెటిల్ అందగాడు కాడు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ నన్ను అనకూడదు. పొట్టి మనిషి. బట్టతల, వంకర ముక్కు, మోకాళ్ళు రెండూ ఒకదానికొకటి పడనట్టు చెరో దిక్కూ చూస్తుండేవి. పెళ్ళిరోజు చర్చిలో మా అమ్మ నా చెవి దగ్గరికి వంగి, "దీనికి చూపు సరిగ్గా ఆనుతుందంటావా?" అని అడిగింది. అక్కకి చూపు బాగానే ఆనేది. ఆవిడ అతన్ని గోధుమ చేలో కోత కోస్తుండగా చూసి ఇష్టపడింది.

పెద్ద కొడవలి చేతిలో పడితే మా బావ వేరే మనిషి అయిపోయేవాడు. నిటారుగా నిలబడి రెండు చేతులతో విసిరే కొడవలి అది, పిడే మనిషంత ఉంటుంది. ఆయన విసిరితే గోధుమ ఒక పక్కకి ఒద్దికగా ఒరిగేది. వెనకాల పనలు కట్టుకుంటూ వెళ్ళే మాకు నడుం ఎత్తడానికి సందు దొరికేది కాదు. నేను ఆయన్ని తిట్టుకోని కోతలు లేవు.

మా సఫోక్ వైపు కోతల నెల వచ్చిందంటే కోసేవాళ్ళంతా కలిసి తమలో ఒకణ్ణి దొరని చేసుకుంటారు. ముందు మునుం, అంటే కోత వరసలో మొదటి చోటు, ఆయనది. ఆయన కొడవలి ఎత్తితే మిగతావాళ్ళు ఎత్తాలి, ఆయన ఆగి సానరాయి తీస్తే అందరూ ఆగి సాన పట్టాలి, ఆయన్ని దాటి ఎవడూ అడుగు ముందుకి వెయ్యకూడదు. వెనకాలే రెండో మునుం పట్టేవాడు దొరసాని. ఎంత మీసాలున్నా, ఇంటి నిండా పిల్లలున్నా, ఆ నెల్లాళ్ళూ దొరసాని గారే. దొర ఏ కారణం చేతనైనా చతికిలబడితే ముందు మునుం దొరసానికి వస్తుంది. మర్చిపోయి పాత పేరు పెట్టి పిలిచినవాడికి ఆ పూట బీరు లేదు.

ఏడాదంతా మా బావ కాలవలు బాగుచేసేవాడు, టర్నిప్ దుంపలు పీకేవాడు, పందుల దొడ్లు కడిగేవాడు. ఆయన్ని మాట అడిగేవాడు లేడు, ఆయన చెప్తే వినేవాడూ లేడు. మా ఇంట్లో అయితే నేను అసలే వినేదాన్ని కాదు. ఆగస్టు వచ్చేసరికి మాత్రం "దొరవారూ, మొదలెడదామా?" అని ఊళ్ళో మగాళ్ళంతా టోపీలు తీసి నిలబడేవారు. ఆ నెల కోసమే ఆయన మిగతా నెలలన్నీ బతికేవాడు. ఇది నేను వేళాకోళానికి అనడం లేదు.

ఆయన దొరసాని రూబెన్ గారడ్. నిలువెత్తు మనిషి, బొడ్డు దాకా బంగారు గడ్డం, చర్చి కిటికీ అద్దం మీద ప్రవక్త దిగి వచ్చినట్టు ఉండేవాడు. మంచివాడే. కాకపోతే పని పేరు వింటే నడుం పట్టేసేది. బావ వెనకాల పడితే ఆగడానికి వీల్లేదు కాబట్టి ఏడుస్తూ కోసేవాడు.

ఒక ఏడు కోతలకి లండన్ నుంచి ఫిన్‌మోర్ అని ఒక బొమ్మలాయన దిగాడు. పాదిరి గారింట్లో బస. గొడుగు, మడత కుర్చీ, నీళ్ళ రంగుల పెట్టె మోసుకుని పొద్దున్నే చేలో హాజరు. సన్నగా, మెత్తగా, ఎవర్ని చూసినా జాలిపడే మనిషి. నేను చెమటోడుస్తూ పన కడుతుంటే చూసి, "ఎంత అందం, ఎంత ప్రశాంతత" అన్నాడు. నాకు ఒళ్ళు మండి, ఆ పన ఇంకాస్త బిగించి కట్టాను.

మొదటిరోజు ఆయన, వరసలో రెండో చోటు ఖాళీగా ఉందేమని అడిగాడు. మా బావ మామూలుగా, "దొరసాని గారు ఆ కంచె చాటుకి వెళ్ళారు బాబూ, కడుపు బాలేదట" అన్నాడు. ఫిన్‌మోర్ గారు ఎర్రగా కందిపోయి, కుర్చీ అటు తిప్పుకుని, టోపీ మొహం మీదికి లాక్కుని కూర్చున్నాడు. కాసేపటికి కంచె వెనక నుంచి లాగు బొత్తాలు పెట్టుకుంటూ గడ్డం వచ్చింది. అప్పటికి గానీ ఆయనకి మా పద్ధతి తెలియలేదు.

తర్వాత ఆయన మా బావ దగ్గరికి వచ్చి, "పెద్దాయనా, కొడవలి అలా ఎత్తి పట్టుకుని కాస్త కదలకుండా నిలబడతారా?" అని అడిగాడు.

"నేను నిలబడితే వెనకున్న వాళ్ళంతా నిలబడాలి బాబూ."

"నిలబడనివ్వండి. ఒక్క గంట."

మా బావ కొడవలి ఆపకుండానే పడమటి వైపు మబ్బుని గడ్డంతో చూపించాడు. "దానికి కూడా ఓ మాట చెప్పి రండి. అది నిలబడితే నేనూ నిలబడతాను."

బొమ్మలాయన గతిలేక చుట్టూ చూశాడు. నిలబడ్డానికి ఊళ్ళో రూబెన్‌ని మించినవాడు ఎవరున్నారు? నాలుగు గంటలకి అందరం ఓక్ చెట్టు కింద రొట్టె, చీజు తినేటప్పుడు రూబెన్ చేలోకి వెళ్ళి, సానరాయి చేతపట్టి, ఆకాశంలోకి చూస్తూ నిలబడేవాడు. కదిలేవాడు కాదు. గడ్డం మీద ఈగ వాలినా కదిలేవాడు కాదు. రోజూ అదే తంతు. చెట్టు కింద కాళ్ళు జాపుకుని బీరు పీపాకి ఆనుకున్న మా బావని కూడా ఆ సందులోనే గీసుకున్నాడు బొమ్మలాయన. తాగేటప్పుడు తప్ప ఆయన కదలకుండా దొరకలేదు మరి.

కోతల విందు రోజు మా ఆసామి హాకెట్ గారి వంటింట్లో ఆ బొమ్మ బయటపెట్టారు. ఫిన్‌మోర్ గారు దాన్ని ఆసామికి బహుమానంగా ఇచ్చాడు. పాదిరి గారు, "ఆహా, ఆ వెలుగు చూశారా" అన్నారు. వెలుగు మాకెందుకు, అది రోజూ చూసేదే. మేమంతా ఎవరెక్కడున్నారో చూశాం. బొమ్మంటే మునుం వరసే మాకు.

వరస మొత్తం తలకిందులు. ముందు మునుంలో రూబెన్, గడ్డం గాలికి ఎగురుతోంది. అతని వెనక మిగతావాళ్ళు. దూరంగా చెట్టు కింద పీపాని కావలించుకుని ఒక బట్టతల. ఇక నా సంగతి వినండి. పన మీదికి వంగి ఉన్నాను, మొహం అటు, మిగతాదంతా ఇటు. ఆ మిగతాదానికి మహానుభావుడు ఎంత నీలం రంగు ఖర్చుపెట్టాడో.

"బాబూ, ఆ చెట్టు కింద మనిషి ఎవరు?" అని అడిగాడు మా బావ. ఎవరో తెలియక కాదు.

"మీరే కదండీ."

"అయితే తడిగుడ్డ పెట్టి తుడిచెయ్యండి. తుడిచి నన్ను ముందు పెట్టండి."

"తుడిస్తే పోదండీ, ఇది నీళ్ళ రంగు. కాగితం తాగేస్తుంది."

"కాగితం తాగితే ఎవరూ ఏమీ అనరు. నేను తాగితే గోడకి వేలాడదీస్తారు" అన్నాడు బావ. అందరూ గొల్లున నవ్వారు. ఆయన కూడా నవ్వాడు గానీ, విందులో ఆ రాత్రి పంది మాంసం ముట్టుకోలేదు. అక్క అది చూసింది, నేను చూశాను.

ఆ చలికాలం హాకెట్ గారు పోయారు. పొలం ఆయన మేనల్లుడు ప్రెంటిస్ చేతికి వచ్చింది. ఇప్స్‌విచ్‌లో గుడ్డల కొట్టు నడిపినవాడు. గోధుమకీ బార్లీకీ తేడా తెలుసు, ఆ మాటకి అబద్ధం చెప్పకూడదు. వేసవి రాగానే కోసేవాళ్ళంతా ఆనవాయితీ ప్రకారం కోతల బేరానికి ఆసామి వంటింటి గుమ్మంలో టోపీలు పట్టుకుని నిలబడ్డారు. మా బావ మాట్లాడడానికి గొంతు సవరించుకున్నాడు.

ప్రెంటిస్ గారు పొయ్యి పైన వేలాడుతున్న బొమ్మకేసి చూశాడు, రూబెన్ కేసి చూశాడు, మళ్ళీ బొమ్మకేసి చూశాడు. "దొర నువ్వేనన్నమాట. మా మామయ్య గోడ మీదే పెట్టుకున్నాడు నిన్ను. నీ వెనక ఎవరిని పెట్టుకుంటావో నీ ఇష్టం." అని మా బావ వైపు తిరిగి, "ఈ ముసలాయన పీపా చూసుకుంటాడు కాబోలు" అన్నాడు.

ఒక్కడూ నోరు విప్పలేదు. కొత్త ఆసామి, మొదటిరోజు, ఎదురు చెప్తే పనికి పిలవడేమోనని భయం. రూబెన్ గడ్డం నిమురుకుంటూ నేల చూపులు చూశాడు. "జాబెజ్ నా దొరసాని" అని మాత్రం అన్నాడు, అదైనా అన్నాడు. మా బావ సరేనన్నట్టు తల ఊపి బయటికి వచ్చేశాడు.

నేను ఊరుకుంటానా, దారిలో పట్టుకున్నాను. "ఏం బావా, నోట్లో నాలుక లేదా? ఇన్నేళ్ళూ ముందు మునుం నాదని చెప్పలేకపోయావా?"

"చెప్పుకుంటే వచ్చేది దొరతనం ఎలా అవుతుంది కెజియా?" అన్నాడు. "పైగా ఆయన బొమ్మ చూపించాడు. నా దగ్గర బొమ్మ లేదు."

ఇంటికి వెళ్ళేసరికి అక్క విషయం విని, నవ్విద్దామని, "దొరసాని గారూ, డంప్లింగులు చల్లారిపోతున్నాయి, దయచేయండి" అంది. ఆయన కొడవలి గోడకి ఆనించి, దాని పిడి మీద చెయ్యి తియ్యకుండా అలాగే నిలబడిపోయాడు. ఆ తర్వాత అక్క ఆ మాట ఎప్పుడూ అనలేదు.

ఇక రూబెన్ దొరతనం. ఆ రోజులు తల్చుకుంటే నాకిప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది. నాలుగు విసుర్లు విసిరి ఆగేవాడు, సానరాయి తీసేవాడు. దొర ఆగితే అందరూ ఆగాలిగా. పైగా అతను బొమ్మలో పడ్డ సంగతి చుట్టుపక్కల పాకింది. రోడ్డు మీద బండి వెళ్ళడం పాపం, రూబెన్ సానరాయి ఎత్తి, ఆకాశంలోకి చూస్తూ, గడ్డం గాలి వైపు తిప్పి నిలబడిపోయేవాడు. బండి మలుపు తిరిగేదాకా అంతే. వెనకాల కొడవళ్ళన్నీ బారులు తీరి ఎదురుచూపులు. ఆ సాన పట్టడం ఎక్కువై కొడవళ్ళు అరిగిపోయాయే గానీ చేను తరగలేదు.

మా బావ అతని మడమల వెనకే. ఆయన చేతులు ఆగలేవు, దాటి పోవడానికి వీల్లేదు. ఒక్కో విసురు సగంలో ఆపుకుని, పళ్ళు కొరుక్కుని, "దొరవారూ, బండి వెళ్ళిపోయిందండి" అనేవాడు, మర్యాద తప్పకుండా. దాటి పొమ్మని కుర్రాళ్ళు ఎగదోస్తే, "దొరని దాటితే దొరసానిని ఎలా అవుతాను రా? ఇవాళ ఇతన్ని దాటితే రేపు నన్నూ దాటుతారు" అన్నాడు.

నదివైపు పెద్ద మడి మిగిలింది. పండి ఒరిగిపోయే గోధుమ. పడమట మబ్బు నల్లగా కమ్ముకుంటోంది, గాలిలో తడి వాసన. వాన పడితే కంకుల మీదే మొలకలొస్తాయి, చలికాలం అంతా ఊరు ఊరంతా ఆ జిగురు రొట్టె తినాలి. ప్రెంటిస్ గారు గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూ, "ఇంత నెమ్మదా మీ పని? ఎప్పుడూ ఇంతేనా?" అని అరుస్తున్నాడు. ఎవరేం చెప్తారు? గోడ మీద బొమ్మని అడగమనాలి.

సరిగ్గా అప్పుడు గొడుగు, మడత కుర్చీ వేసుకుని ఫిన్‌మోర్ గారు మళ్ళీ వచ్చాడు. మా బావ కొడవలి కింద పెట్టి, దొర దగ్గర సెలవు తీసుకుని, ఆయనకి ఎదురెళ్ళాడు. కోతల్లో ఆయన మునుం వదిలి వెళ్ళడం నేను అదే చూడటం. ఏమంటాడోనని నేను పన కడుతూ దగ్గరికి జరిగాను.

"బాబూ, ఈసారి బొమ్మ బాగా రావాలి. మా రూబెన్‌కి ఎండ పడదు. ఎండలో ఆ గడ్డం గడ్డిలా కనిపిస్తుంది. నీడలో చూడండి, బంగారం."

ఫిన్‌మోర్ గారు ఆశ్చర్యపోయాడు. "మీకు వెలుగు నీడల మీద ఇంత ఇష్టం ఉందని నాకు తెలియలేదు."

"నాకూ ఇప్పుడే కలిగింది బాబూ. ఆ ఓక్ చెట్టు కింద కూర్చోబెట్టండి. పక్కన పీపా పెడితే ఇంకా బాగుంటుంది. నిరుడు నాకు పెట్టారు, బాగా కుదిరింది."

నాకు అప్పుడు వెలిగింది. పరిగెత్తుకెళ్ళి పీపా నేనే దొర్లించాను.

రూబెన్‌కి కూర్చోవాలని ప్రాణం కొట్టుకుంటోంది గానీ సిగ్గుపడ్డాడు. "నేను దొరని కదా. నేను కూర్చుంటే ఎలా?"

"దొరలు కూర్చోకపోతే ఇంకెవరు కూర్చుంటారు?" అన్నాడు మా బావ. "ముందు మాట చెప్పి కూర్చోండి. పద్ధతి ప్రకారం."

రూబెన్ చెట్టు కింద కూర్చుని, నడుం వాల్చి, హాయిగా నిట్టూర్చి, అందరికీ వినిపించేలా, "దొరసాని గారూ, ముందు మునుం పట్టండి" అన్నాడు.

మా బావ అరచేతుల్లో ఉమ్మేసుకున్నాడు. అంతే. కొడవళ్ళ చప్పుడే మారిపోయింది. అంతసేపూ తలో పాటా పాడుతున్నవి ఒక్కసారి ఒక్కటే చప్పుడయ్యాయి. కుర్రాళ్ళు ఆయన వెనక రొప్పుతూ, తిట్టుకుంటూ, నవ్వుతూ లాగేస్తున్నారు. బండ్లు వెళ్ళాయి, పాదిరి గారు వచ్చి చెయ్యి ఊపారు, ఆయన తల తిప్పలేదు. వెనకాల ఆడవాళ్ళం పనలు కట్టలేక చచ్చాం. ఆ రోజు కూడా నేను ఆయన్ని తిట్టాను. మనస్ఫూర్తిగా, కళ్ళనీళ్ళతో తిట్టాను.

చివరి కుప్ప నిలబెట్టి పైన పన బోర్లించేసరికి మొదటి చినుకు నా ముక్కు మీద పడింది.

ప్రెంటిస్ గారు గట్టు మీద నోరు తెరుచుకుని నిలబడ్డాడు. చేనుకేసి చూశాడు, బట్టతలకేసి చూశాడు, చెట్టు దగ్గరికి వెళ్ళాడు. "ఏయ్, అసలు మీలో దొర ఎవరు?"

బొమ్మ ఇంకా పూర్తి కాలేదు, తల తిప్పొద్దని ఆజ్ఞ. రూబెన్ పెదవి కొస నుంచి, "ముందున్నాయనే అయ్యా. నేనెప్పుడూ దొరసానినే. నా నడుం మీద ఒట్టు" అన్నాడు. ఆ మాట వేసవి మొదట్లో అంటే ఏం పోయేదని నేను తర్వాత అతన్ని కడిగేశాను. "నిజమే కెజియా, కానీ బొమ్మలో నేను అంత బాగున్నాను కదా" అన్నాడు. ఏమంటాం అలాంటివాణ్ణి.

విందు రోజు కొత్త బొమ్మ బయటపెట్టారు. చెట్టు కింద రూబెన్, గడ్డంలో ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టుకోవచ్చు, పక్కన పీపా. నేను మళ్ళీ వంగే ఉన్నాను, ఈసారి నీలం ఇంకాస్త ఎక్కువ. దూరంగా చేలో కొడవళ్ళ వరస. ఆ వరస ముందు గోధుమ రంగు మరక ఒకటి, తడి కుంచెతో ఒక్క గీటు గీసినట్టు ఉంది. దానికి ముక్కు లేదు, మొహం లేదు.

ఫిన్‌మోర్ గారు నొచ్చుకుంటూ, "క్షమించాలి పెద్దాయనా. మీరు ఒక్క క్షణం ఆగలేదు. అంతకంటే నాకు చిక్కలేదు" అన్నాడు.

మా బావ వంగి, బొమ్మకి ముక్కు ఆనించినంత దగ్గరగా చూశాడు. వరస అంతా వెనక నుంచి ముందుకి వేలితో చూసుకుంటూ వచ్చి మరక దగ్గర ఆగాడు. దాని ముందు ఖాళీ కాగితం తప్ప ఏమీ లేదు.

"సరిగ్గా ఉంది" అన్నాడు. ఆ రాత్రి పంది మాంసం రెండుసార్లు పెట్టించుకున్నాడు.

ప్రెంటిస్ గారు పాత బొమ్మ దింపి కొత్తది పొయ్యి పైన తగిలించాడు. ఆ తర్వాత బావ బతికున్నన్నాళ్ళూ ముందు మునుం ఆయనదే. ఏటా కోతలకి ముందు ఏదో పని పెట్టుకుని ఆ వంటింటికి వెళ్ళేవాడు. వచ్చాక అక్క, "ఉన్నావా ఇంకా ముందు?" అని అడిగేది. "ఉన్నాను" అనేవాడు. కోత మిషన్లు మా వైపు రాకముందే, ఒక వసంతంలో, కాలవ గట్టు మీద పార పక్కన పెట్టి కూర్చుని పోయాడు. పనిలో ఆయన కూర్చోవడం అదే మొదలు.

చర్చికి మోసుకెళ్ళేటప్పుడు కోసేవాళ్ళంతా వచ్చారు, మునుం వరసలోనే నడిచారు. శవపెట్టె వెనక మొదట కుటుంబం నడవాలని పాదిరి గారు అన్నారు. అక్క వెనక్కి జరిగి రూబెన్‌ని ముందుకి పిలిచింది. "నీ చోటు అదే కదా రూబెన్, రా" అంది. అప్పటికి అతని గడ్డం తెల్లబడింది. టోపీ చేతిలో పట్టుకుని పెట్టె వెనకాలే రెండోవాడిగా నడిచాడు, అతని వెనక మేము. పెట్టె మోసేవాళ్ళు బురదలో ఆగి ఆగి అడుగులేస్తున్నారు.

కొంత దూరం పోయాక రూబెన్ వెనక్కి తిరిగి మా అక్కతో మెల్లిగా అన్నాడు, "థర్జా, చూశావా, ఇవాళ దొరవారు నాకోసం నెమ్మదిగా నడుస్తున్నారు."

అక్క అప్పటిదాకా ఏడవలేదు.